టెక్కలిలో చవక

వయసులో ఉన్నప్పుడు జీడిగింజల బస్తాలు రెండు, కుడిచంకలో ఒకటి, ఎడమచంకలో ఒకటి ఇరికించుకుని, లారీ దగ్గర్నుంచి గోడౌను దాకా ఆగకుండా నడిచిన మనిషిని నేను. పలాసలో నాటివాళ్లని ఎవర్నయినా అడగండి. అలాంటివాణ్ణి, ఇన్నేళ్లుగా దించుకోలేక మోస్తున్న బరువు ఎంతో చెప్పనా? ఒక అట్టముక్క. చిన్నపిల్ల అరచేతిలో పట్టేంత. అంచుకి బంగారురంగు, మధ్యలో కప్పు బొమ్మ. తూస్తే రెండు జీడిపప్పు బద్దలంత ఉండదు.

అడక్కండిలెండి. నాటివాళ్లలో చాలామంది పోయేరు. ఉన్నవాళ్లని అడిగితే నవ్వుతారు. రెండు బస్తాలు అబద్ధం. ఒక్క బస్తా, అదీ అవతలి కొస ఇంకోడు పట్టుకుంటే. నాకు చిన్నప్పట్నుంచీ ఈ రోగం ఉంది. పిడికెడుదాన్ని గంపెడు చేసి చెబుతాను. వలలో పడ్డ జానెడు కానాగంత చేప నా నోట్లో పడితే సొరచేప అయిపోతుంది. ఈ కాగితాల్లో మాత్రం అలా చెయ్యకూడదని ఒట్టుపెట్టుకుని కూర్చున్నాను. మొదటి వాక్యంలోనే చేసేసేను. కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు. చెప్పేవాడు ఎలాంటివాడో మీకు తెలిసి ఉండడం మంచిది.

పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. తెలిసినవాళ్లకి చెప్పలేకపోయింది తెలియనివాళ్లకి చెప్పడం ఏం మగతనం? ఏమీ కాదు. అది కూడా రాసుకోండి.

మాది అక్కుపల్లి. సముద్రం పని నాకు చాతకాలేదు. పడవెక్కితే కడుపులో తిప్పేది. వేటకి పోయే ఇంట పుట్టి తెడ్డు పట్టలేనివాణ్ణి ఎవరు ఉంచుకుంటారు? పలాస వచ్చేసి జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరేను. మొదట మోత, తర్వాత ప్యాకింగు. ప్యాకింగు గదిలో కాలితో తొక్కే సీలింగు మిషను ఒకటుండేది. పప్పు పోసిన ప్లాస్టిక్ సంచి మూతి దాని పళ్ల మధ్య పెట్టి, కింద పెడలు తొక్కితే, వేడి తగిలి మూతి అతుక్కుపోతుంది. అతికినచోట సన్నగా గీతలు పడతాయి. నా మిషనుకి ఒకచోట పన్ను కాలిపోయింది. అందుకని నేను వేసిన సీలులో, కుడివైపు కొసకి కొంచెం ఇవతల, గీతల మధ్య నువ్వుగింజంత ఖాళీ ఉండేది. ఎవరూ పట్టించుకునేవారు కాదు. పప్పు కారేంత ఖాళీ కాదది.

ఆ మిషను సంగతి ఎందుకంటే, నేను చేసింది దానితోనే చేసేను.

తొంభైలు అయిపోతున్న రోజులు. ఆ ఎండాకాలం క్రికెట్ కప్పు పోటీలు. పిల్లలూ పెద్దలూ టీవీ ఉన్న ఇంటి కిటికీలకి వేలాడుతున్నారు. అప్పుడు ఒక బబుల్‌గమ్ కంపెనీవాళ్లు గమ్ముతోపాటు ప్యాకెట్టులో ఒక కార్డు పెట్టేరు. ఆటగాళ్ల బొమ్మలు. మొత్తం నలభై. అవి అంటించుకోడానికి పుస్తకం, అందులో నలభై గళ్లు. ముప్పైతొమ్మిది కార్డులు రోడ్డుమీద కూడా దొరికేవి. నలభయ్యోది బంగారు అంచుది, కప్పు బొమ్మది, అదే దొరకదు. గళ్లన్నీ నింపి గడువులోగా పంపితే సైకిలు ఇస్తారు. పెట్టె మీద ఒక మాట అచ్చువేసి ఉండేది, సీలు విప్పని ప్రతి పెట్టెలో బంగారు కార్డు ఒకటి తప్పకుండా ఉంటుందని.

ఆ తప్పకుండా అన్నమాటే అందర్నీ ఆడించింది. విడి ప్యాకెట్లు కొనడం లాటరీ. నిండు పెట్టె కొంటే ఖాయం. పిల్లలు చందాలు వేసుకుని పెట్టెలు కొనేవారు. ఏ షాపులో ఎంతో కనుక్కుని, అయిదు రూపాయలు తక్కువని ఇంకో వీధికి పోయేవారు.

టెక్కలిలో ఒక ఫ్యాన్సీ షాపు సావుకారు మా ఫ్యాక్టరీలో పప్పు ముక్కలు కొనేవాడు. ఒక ఆదివారం, ఫ్యాక్టరీకి సెలవు, ఆయన గోనెసంచితో వచ్చేడు. ప్యాకింగు గది తాళం నా దగ్గరే ఉంటుందని ఆయనకి తెలుసు. సంచిలో ఆ బబుల్‌గమ్ పెట్టెలున్నాయి. నాకు ముందు అర్థం కాలేదు. ఆయన బ్లేడు తీసి పెట్టె మీది పల్చటి ప్లాస్టిక్ కోసేడు. ప్యాకెట్లు ఒకటొకటీ అంచుని కోసి లోపల చూసేడు. బంగారు కార్డు దొరికేక పక్కన పెట్టి, మిగిలినవన్నీ నా ముందుకి తోసేడు. దాని చోట మామూలు కార్డు ఒకటి దూర్చేడు. మళ్లీ సీలు వెయ్యడం నా వంతు.

బంగారు కార్డు విడిగా అమ్మితే పెట్టె ఖరీదుకి మూడింతలు వచ్చేది. పలాసలో జీడిపప్పు వర్తకుల ఇళ్లల్లో పిల్లలు మారాం చేస్తే తండ్రులు బేరమాడకుండా కొనేసేవారు. ఇక ఖాళీ పెట్టె, అదే, బంగారు కార్డు లేని పెట్టె, తొందరగా చెల్లిపోవాలి కాబట్టి మిగతా షాపులకంటే తగ్గించి పెట్టేవాడు. ఒకే సరుకు రెండుసార్లు అమ్ముడుపోయేది.

పలాసలో మాత్రం నేను వేరేగా చెప్పుకున్నాను. కళ్లు మూసుకుని ప్యాకెట్ నొక్కి, లోపల బంగారు కార్డుందో లేదో చెప్పగలనని. జీడిపప్పు వేలితో తడిమి సైజు చెప్పేవాణ్ణి, ఇదెంత అని. టీ కొట్టు దగ్గర పిల్లలు ప్యాకెట్లు తెచ్చి నా చేతిలో పెట్టేవారు. నేను నుదురు ముడిచి, నొక్కి, లేదు ఫో అనేవాణ్ణి. లేదు అంటే నూటికి తొంభైతొమ్మిది సార్లు నిజమే అవుతుంది కదా. నాకు ఏ విద్యా రాదు. నాకు వచ్చింది పెడలు తొక్కడం.

తప్పు అనిపించలేదా? అనిపించింది. ఎంత? సరిగ్గా చెప్పాలంటే, టీ చల్లారిపోయినప్పుడు అనిపించేంత. పిల్లల ఆటే కదా అనుకున్నాను. సైకిలు రాకపోతే ఎవరైనా చచ్చిపోతారా అనుకున్నాను. సీలు వేసినందుకు సావుకారు టిఫిను పెట్టించేవాడు, ఒక్కోసారి పదో పరకో చేతిలో పెట్టేవాడు. ఒక ఆదివారం ఒక బంగారు కార్డు మిగిలితే, ఉంచుకో, ఇంట్లో పిల్లలకిద్దువు, అన్నాడు. నాకు పిల్లల్లేరు. చొక్కా జేబులో వేసుకొచ్చి ట్రంకుపెట్టెలో పడేసేను. వెళ్లేటప్పుడు అప్పుడప్పుడూ అనేవాడు, మీ సముద్రం ఊళ్లవాళ్లని కూడా ఇటు పంపవయ్యా అని. నేను తలూపేవాణ్ణి. అంతే.

ఇప్పుడు మా రాజి సంగతి చెప్పాలి. ఇక్కడిదాకా రాసి రెండు రోజులు ఆగిపోయేను.

రాజి నా చెల్లెలు అప్పలమ్మ కూతురు. నాకు మేనకోడలు. చెల్లెల్ని అక్కుపల్లిలోనే కూర్మయ్యకిచ్చేం. కూర్మయ్యా నేనూ ఒకర్నొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. మంచి వేటగాడు. మాట తక్కువ. ఆ ఏడు రాజి ఏడో తరగతి అయింది. ఊళ్లో బడి అంతవరకే. హైస్కూలు పక్క ఊళ్లో, జీడితోటలూ మొగలిపొదలూ దాటి వెళ్లాలి. నడవలేక కాదు. పొద్దున్నే పడవలు ఒడ్డుకొచ్చేక తల్లితోపాటు చేపలతట్ట ఎత్తుకుని ఊళ్లు తిరగాలి ఆ పిల్ల. అది అయ్యేసరికి బడిగంట కొట్టేస్తారు. సైకిలుంటే అదీ అవుతుంది, ఇదీ అవుతుంది. కొనే తాహతు లేదు, ఆ ఏడు వలలే అప్పుమీద కొన్నాడు కూర్మయ్య. అందుకని కూతురితో ఒకటే అన్నాడట. సైకిలొస్తే చదువు, రాకపోతే తట్ట.

రాజి ఆ కార్డుల పుస్తకం నింపడం మొదలెట్టింది. క్రికెట్ అంటే దానికేం తెలియదు. చేపలు కొన్నవాళ్ల పిల్లల దగ్గర ఒక్కో కార్డు అడిగి తీసుకుంది. గవ్వలిచ్చింది, రొయ్యలిచ్చింది, ఒకత్తికి లెక్కలు చేసిపెట్టింది. వేసవి సగం అయ్యేసరికి ముప్పైతొమ్మిది గళ్లు నిండేయి. నలభయ్యో గడిలో పెన్సిలుతో చిన్న కప్పు గీసి పెట్టుకుంది, కార్డు వచ్చేదాకా చోటు ఖాళీగా ఉండకూడదని. నాకు చూపించింది. నేను తల నిమిరి, నా మేనకోడలు కలెక్టరవుతుంది చూడండి అన్నాను. ఆపాటికి ఆ కార్డు నా ట్రంకుపెట్టెలో ఉంది.

అప్పుడే ఇచ్చేస్తే? ఇచ్చేస్తే, ఎక్కడిది మావా అని అడుగుతుంది. ఆ పిల్ల అడిగితే అబద్ధం చెప్పడం కష్టం, కళ్లు అలా పెట్టి చూస్తుంది. రేపిద్దాం, ఏదో ఒక కథ కట్టి ఇద్దాం అనుకున్నాను. వీధిలో అందరికీ కథలు కట్టేవాణ్ణి, ఆ ఒక్క కథా కట్టలేకపోయేను.

ఈలోగా తండ్రీకూతుళ్లు నిండు పెట్టె కొనాలని నిర్ణయించేరు. చెల్లెలు ఎండుచేపలమ్మి దాచినవి ఉన్నాయి. పలాసలో నూట ఇరవై చెప్పేరు. హరిశ్చంద్రపురంలో చుట్టాలింటికి పెళ్లికి వెళ్లినప్పుడు స్టేషను దగ్గర బడ్డీలో అడిగేరు, అక్కడ నూట పదిహేను, కానీ పెట్టె ఎండకి వెలిసిపోయి ఉందట. టెక్కలిలో తొంభై అయిదని కూడా వాళ్లకి ఎలాగో తెలిసింది. తేల్చుకోలేక ఒకరోజు నన్ను అడగడానికి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చేరు. కూర్మయ్య, వెనక రాజి, దాని చేతిలో పుస్తకం. రాజి వేళ్లమీద లెక్క కట్టి చెప్పింది. పలాసయితే బస్సు ఒకటే, హరిశ్చంద్రపురమయితే రైలుఛార్జీ పోను మిగిలేదేం లేదు, టెక్కలయితే ఛార్జీ పోయినా కొంత మిగులుతుంది, ఆ మిగిలినదాంతో నోటుపుస్తకాలొస్తాయి. అంత చక్కగా లెక్క కట్టింది.

కూర్మయ్యకి మాత్రం మనసు ఒప్పలేదు. ఆ మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

"అందరూ నూటిరవై అంటంటే ఆడొక్కడూ తొంబయ్యైదుకి ఎందుకిత్తాడు బావా? ఒడ్డున సేప సవగ్గా ఇత్తన్నాడంటే మొప్ప ఎత్తి సూడాల. ఎరుపు పోయుంటాది."

"ఇది సేప కాదు బావా. కుళ్లిపోడానికి."

"సేపకి కళ్లు సూత్తాం, మొప్ప సూత్తాం, పొట్ట నొక్కి సూత్తాం. దీనికేటి సూడాల?"

"సీలు సూడాల," అన్నాను. "సీలుంటే నోపల సరుకు ఉన్నట్టే. నాను రోజూ ఏసేది అదే గదేటి. సీలేసిందాన్ని దేవుడు కూడా ముట్టుకోడు."

అతను నా ముఖంలోకి చూసేడు. జీవితమంతా చేపలు చూసి కొన్నవాడూ అమ్మినవాడూ. ఏ చేప ఎప్పుడు వలలో పడిందో వాసనతో చెప్పేవాడు. తన తెలివిని పక్కనపెట్టి నా మాట పట్టుకున్నాడు. ఎందుకంటే అది తనకి తెలియని సరుకు, నాకు తెలిసిన సరుకు. తనకి తెలియనిదాంట్లో ఇంటిమనిషి మాట వినాలి. మా దగ్గర అంతే, ఒడ్డున ఉన్నవాడికి అలల సంగతి, పట్నంలో ఉన్నవాడికి పట్నం సంగతి, ఎవడిది వాడు చెబితే రెండోవాడు వింటాడు.

"సరే అయితే," అన్నాడు. "నువ్వే తెచ్చీ బావా. నీకు తెల్సు గదా."

డబ్బు నా చేతిలో పెట్టేడు. మడతల్లో ఇసక ఉంది.

తర్వాత ఆదివారం టెక్కలి వెళ్లేను. సావుకారు అలమరలోంచి పెట్టె తీసి బల్లమీద పెట్టేడు. ముట్టనిది ఒకటుందా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. అడిగితే నవ్వుతాడని. మా మేనకోడలికి అని చెబితే? చెప్పలేదు. ముట్టనిది ఒకటైనా మిగిలుంటుందేమో, ఇది అదేనేమో అనుకుంటూ కాయితంలో చుట్టించుకుని బస్సెక్కేను.

బస్సులో కాయితం విప్పి చూసేను. పెట్టెని వెలుగువైపు తిప్పేను. ప్లాస్టిక్ అతికినచోట, కుడివైపు కొసకి కొంచెం ఇవతల, నువ్వుగింజంత ఖాళీ.

అప్పటికి ఊరు దాటి ఎంతో దూరం రాలేదు. దిగిపోవచ్చు. వెనక్కి పోయి డబ్బు తీసుకుని, పలాస చేరేక నా జేబులోంచి పాతిక వేసి అక్కడ మంచి పెట్టె కొనొచ్చు. పాతిక నా దగ్గర ఉంది. ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతున్నది ఇదే, ఎందుకు దిగలేదు? ఏదైనా పెద్ద కారణం ఉంటే బాగుండును. భయమో, పగో, దురాశో. లేదు. ఆ రోజు బస్సులో కిటికీ సీటు దొరికింది. ఎండగా ఉంది. దిగితే మళ్లీ దొరకదు. పలాసలో దిగేటప్పటికి అక్కుపల్లి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది, దాన్ని వదులుకుంటే సాయంత్రందాకా లేదు. అంతకంటే కారణం లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

వాళ్లింటి ముందు, వలలు బాగుచేసుకునేచోట, చాప పరిచేరు. రాజి తల దువ్వుకుని, ఉతికిన గౌను వేసుకుంది. వీధిలో పిల్లలు మూగేరు. ఆ పిల్ల ప్యాకెట్లు చించలేదు. ఒక్కోదాన్నీ అంచు పట్టుకుని మెల్లగా విప్పింది. గమ్ము పిల్లల చేతుల్లో పెట్టింది. కార్డు బోర్లా తీసి, కాసేపు పట్టుకుని, తర్వాత తిప్పి చూసింది. చూసినదాన్ని చాపమీద వరసగా పేర్చింది, ఇసకలో ఎండుచేపలు పేర్చినట్టు, ఒకదానికొకటి తగలకుండా. మొదట్లో నవ్వులు. సగం అయ్యేసరికి పిల్లలు చాప అంచుదాకా జరిగి కూర్చున్నారు. నేను లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. ఒక్కో ప్యాకెట్ విప్పినప్పుడూ నేను కూడా మెడ సాచి చూసేను. నవ్వకండి. అందులో లేదని నాకు తెలుసు, అయినా వస్తుందేమోనని చూసేను.

ఆఖరు ప్యాకెట్ విప్పేక రాజి ఏడవలేదు. పెట్టె తలకిందులు చేసి అడుగున అరచేత్తో తట్టింది. మళ్లీ మొదట్నుంచీ కార్డులన్నీ ఒకసారి చూసింది. అప్పుడు కూర్మయ్య ఖాళీ పెట్టె తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అలవాటు.

"జీడిపప్పు వాసనొత్తంది," అన్నాడు.

నేను నా అరచేతులు చూపించేను. తెచ్చింది నేనే కదా, నా చేతి వాసన అన్నాను. అతను పెట్టె కింద పెట్టేసేడు. చెల్లెలు నాకు అన్నం పెట్టింది. చేపలపులుసు. తిన్నాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

ఆ సాయంత్రం పలాస వచ్చి ట్రంకుపెట్టె తీసేను. కార్డు తీసి దిండుకింద పెట్టుకున్నాను. గడువింకా ఉంది. రేపు పట్టుకెళ్లి, దారిలో దొరికిందని చెబుతాను. మర్నాడు అనుకున్నాను, మరీ వెంటనే దొరికితే అనుమానం వస్తుంది, రెండు రోజులు పోనీ. తర్వాత ఫ్యాక్టరీలో లోడు వచ్చింది. తర్వాత వాన. గడువు ఏ రోజు దాటిపోయిందో నాకు తెలుసు. తెలియనట్టు గడిపేను. దాటేక ఒళ్లు తేలికపడింది, ఇక ఇచ్చినా లాభం లేదు కదా అని. మనిషి లోపల ఇంత నీచం ఎక్కడ పడుకుని ఉంటుంది? ఆ రోజు దాకా నాకు తెలియదు.

బడులు తెరిచేరు. రాజి తట్ట ఎత్తింది. రెండు మూడేళ్లకి నా ఫ్యాక్టరీకే వచ్చింది, గింజలు కొట్టే పనికి. నేనే చెప్పి పెట్టించేను. మేనమామ మాటసాయం చేసేడని ఊళ్లో మంచిపేరొచ్చింది నాకు. జీడిగింజ కొట్టినప్పుడు చిమ్మే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకున్నా ఆగదు. ముందు వేళ్ల కొసలు నల్లబడ్డాయి. తర్వాత తోలు ఊడింది. తర్వాత మొద్దుబారేయి. పెన్సిలుతో కప్పు గీసిన వేళ్లు అవి. మధ్యాన్నం అన్నాలకి కూర్చున్నప్పుడు నా గిన్నెలో కూర వేసేది. ఆ చెయ్యి చూడకుండా తినడం నేర్చుకున్నాను. చూడకుండా తినడంలో నా అంతవాడు లేడు. ఇది మాత్రం గంపెడు చేసి చెబుతున్నది కాదు.

కూర్మయ్యకి తర్వాత కిడ్నీ జబ్బు పట్టింది. మా వైపు ఏ ఇల్లు తట్టినా ఒకరుంటారు. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు నేను తోడు వెళ్లేవాణ్ణి. బస్సు టెక్కలిలో ఆగేది. ఆ ఫ్యాన్సీ షాపు అప్పటికి మూసేసేరు, బోర్డు మాత్రం వేలాడుతూ ఉండేది. ఒకసారి అతను కిటికీలోంచి ఆ బోర్డు చూస్తూ నా మోకాలి మీద చెయ్యి వేసి అన్నాడు, మనకి రాసిపెట్టి లేదు బావా అని. నన్నే ఓదార్చేడు. నోరు తెరిచేను. అప్పుడే కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదిలితే నేను మానెయ్యాలా? మానేసేను. ఇంకో నాలుగు ప్రయాణాలు చేసేమో లేదో, అతను పోయేడు. కట్టెలు పేర్చినప్పుడు ఎవరికీ తెలియకుండా ఆ కార్డు అందులో వేసేద్దామని జేబులో పెట్టుకెళ్లేను. వెయ్యలేకపోయేను. దానిమీద అతనికేం హక్కుంది, రాజిది కదా అనిపించింది. రాజికీ ఇవ్వలేకపోయేను.

ఇన్నాళ్లకి ఎందుకు రాస్తున్నాను? మంచివాణ్ణయిపోయేనా? కాదు. కళ్లు మసకబారుతున్నాయి. నేను పోయేక ట్రంకుపెట్టె తీసేది రాజే. బట్టలకింద ఆ కార్డు చూస్తుంది. అప్పుడు అడగడానికి నేనుండను. తనంతట తనే లెక్క కట్టుకుంటుంది, అది లెక్కలు బాగా కడుతుంది. ఆ చూపు నేను లేనప్పుడు నా ట్రంకుపెట్టె మీద పడడం కంటే, ఉన్నప్పుడు నా మీద పడితే మేలనిపించింది. నన్ను క్షమించమని అడగను. అది మళ్లీ ఆ పిల్ల నెత్తిన ఇంకో తట్ట పెట్టినట్టే.

ఇంతవరకూ రాసి నిన్న రాజిని పిలిచేను. ఇప్పుడు దానికి నడివయసు. ఫ్యాక్టరీలోనే పప్పు ఏరే పని, గింజలు కొట్టడం మానేసి చాన్నాళ్లయింది గానీ వేళ్లు అలాగే ఉన్నాయి. కార్డు చేతిలో పెట్టేను. ఈ కాగితాలు ఇచ్చి చదవమన్నాను. గుమ్మంలో వెలుతురుండేచోట కూర్చుంది. ఒక్కో కాగితం చదివి, బోర్లా పెట్టింది. నేను మంచం మీద కూర్చుని దాని ముఖం చూస్తున్నాను. రెండు బస్తాల దగ్గర కూడా నవ్వలేదు. సీలు దగ్గర ఆగలేదు. బస్సు దగ్గర ఆగలేదు. కాగితాలన్నీ అయిపోయేక మళ్లీ వెనక్కి తిప్పి, మధ్యలో ఒక కాగితం పైకి తీసింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర మాట్లాడుకున్న కాగితం. దానిమీద నల్లటి వేలు పెట్టింది.

"ఇది తప్పు రాసినావు మావా," అంది. గొంతు పెంచలేదు. "మాం గేటుకాడికి రానేదు. మా నాన్న నిన్నేటీ అడగనేదు. మాం సూసింది రెండు ధరలే, పలాసలోదీ అరిశ్చంద్రపురంలోదీ. టెక్కలి ఎవులెల్లినారు? పలాసలో కొనీడానికి మా నాన్న డబ్బులు మూటకట్టి సొక్కా ఏసుకున్నాడు. నాను సెప్పులేసుకున్నాను. గుమ్మంలో నువ్వు ఎదురొచ్చినావు. సేపలూ మొప్పలూ ఆ మాటలన్నీ గుమ్మంలోనే అయినాయి, మా నాన్న ఎల్తానంటంటే నువ్వు అడ్డంగా నిలబడినావు. టెక్కలిలో సవకని సెప్పడానికి పలాస నుంచి బస్సెక్కి పనిగట్టుకుని వొచ్చింది నువ్వే."